తిరగేసిన వాకర్

"మణికట్టు చూడాలండీ," అన్నాడు కొలతలాయన.

"మనీ కట్టేసింది కదయ్యా మా కోడలు! మళ్లీ ఏం కట్టాలి?" అన్నాడు పెద్దాయన, చెవి వెనక అరచెయ్యి పెట్టుకుని.

కోడలు తల పట్టుకుంది. కొలతలాయన నవ్వకుండా పెద్దాయన చేతిని పక్కకు వేలాడదీసి, మణికట్టు మీది గీతను వేలితో తాకి చూపించాడు. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే ఆ గీత ఎక్కడికి వస్తుందో వాకర్ పిడి అక్కడికి రావాలి. ఎక్కువ ఎత్తయితే భుజాలు చెవులతో రహస్యాలు చెబుతాయి. తక్కువయితే నడుము నేలకు దండం పెడుతుంది. ఆయన బొడిపెలు నొక్కి, గొట్టాలను ఒక్కో కన్నం కిందికి జార్చి, కింద రబ్బరు టోపీలు బిగించాడు. 'మనుషులకు టోపీ పెట్టేవాళ్లు వేరే ఉన్నారు, నేను గొట్టాలకే పెడతాను' అనేది ఆయన పాత జోకు. వినీ వినీ కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వడం మానేసింది. ఆయన చెప్పడం మానలేదు.

చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు అమ్మే ఆ కొట్టులో చేరేనాటికి ఆయన జుట్టు నల్లగా ఉండేది. అప్పటి నుంచి సగం ఊరు ఆయన చేతుల మీదుగానే నడిచింది. ఆయనకు మాత్రం పెద్దగా ఏదీ నడవలేదు. పెళ్లి మాటలు కొన్నాళ్లు కుంటి కూలబడ్డాయి. తల్లిలా పెంచిన అక్క, మొగుడు పోయి, కూతురికి పెళ్లి చేశాక, తమ్ముడి ఇంటికే వచ్చేసింది. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వందల మందికి వండిన చెయ్యి ఆమెది. ఆ చేతి వంట తినడమే ఆయనకున్న ఏకైక వైభవం.

ఆ అక్క స్నానాలగదిలో కాలు జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయ్యాక తమ్ముడు కొట్టులోకెల్లా మంచి వాకర్ తెచ్చి, సొంత మణికట్టు కన్నా జాగ్రత్తగా ఆమె మణికట్టు కొలిచి అమర్చాడు. కానీ సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే ఆ వాకర్ పొయ్యి దగ్గర వెనక వైపు ముందుకొచ్చేలా తిరగేసి ఉండేది. ఆయన సరిగ్గా తిప్పి పెట్టేవాడు. మర్నాటికి మళ్లీ తిరగబడేది. ఎందుకలా అని అడిగితే, 'నీకు తెలీదులేరా' అనేది.

అక్కకు మతి తప్పుతోందేమోనని ఆయనకు గుబులు పట్టుకుంది. ఆ గుబులు కాస్తా ఒకరోజు ఫోన్లో మేనకోడలి చెవిన పడింది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? అక్క కాలు జారింది, తమ్ముడు నోరు జారాడు. మతి తిన్నగా లేని మనిషిని పగలంతా మంట దగ్గర ఒంటరిగా వదలనని, తనతో తీసుకుపోతానని కూతురు తేల్చి చెప్పింది. ఆమె వస్తానన్నది ఈ సాయంత్రమే.

ఆయన ఇల్లు చేరేసరికి మంచం మీద అక్క బట్టల పెట్టె మూత తెరిచి ఉంది. మేనకోడలు బీరువా ముందు నిలబడి ఉంది. అక్క వంటింట్లో కుర్చీలో కూర్చుని క్యారెట్లు సన్నగా చీలుస్తోంది. బీన్సు, క్యాబేజీ, గిలక్కొట్టిన గుడ్లు గిన్నెల్లో వరసగా ఉన్నాయి. కూర్చుని చేసేదంతా కూర్చునే చేసేసి, బాణలి ముందు కాసేపు నిలబడితే చాలు, వేపుడైపోతుంది.

"తిని మాట్లాడు," అంది కూతురితో.

అక్క లేచి, గట్టు పట్టుకుని వాకర్‌ను తిరగేసింది. తమ్ముడి చెయ్యి అలవాటుగా ముందుకెళ్లింది. గరిటెతో ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"ముందు నువ్వు నీ పద్ధతిలో నిలబడి చూడరా."

ఆయన వాకర్‌ను సరిగ్గా పెట్టి అందులో నిలబడ్డాడు. ముందు కడ్డీ వెళ్లి గట్టుకు తగిలింది. ఎంత సాగినా గరిటె బాణలి అంచు దాటలేదు.

"అందిందా?"

"లేదు."

"నన్ను నడవడానికి కొలిచావు. నేను నిలబడి వండుకోవాలి కదరా."

ఆయన తప్పుకున్నాడు. అక్క వాకర్‌ను మళ్లీ తిరగేసింది. తెరిచిన వైపు పొయ్యికి వచ్చింది, కడ్డీ నడుముకు వెనక దన్నయింది. ఒక చెయ్యి పిడి మీద ఉంచి, రెండో చేత్తో పెద్ద మంట మీద క్యారెట్లు, బీన్సు కలియబెట్టింది. తర్వాత క్యాబేజీ, చివర గుడ్లు. కూర మాడలేదు, కాలు తడబడలేదు.

మేనకోడలు గుమ్మంలో నిలబడి చూస్తోంది. కొలతలాయన గొంతు సవరించుకున్నాడు.

"మీ అమ్మ బుర్ర తిన్నగానే ఉందమ్మా. తిరగబడింది నా కొలతే. ఇన్నేళ్లూ అందరినీ ఎంత ఎత్తని అడిగాను గానీ, ఎక్కడ నిలబడతారని ఒక్కరినీ అడగలేదు."

"మరి ఈ మాట నాతో ముందే చెప్పొచ్చుగా అమ్మా?" అంది మేనకోడలు.

"వాడు అడిగి ఊరుకున్నాడు, నువ్వు అడగనే లేదు," అంది తల్లి, బాణలి దించుతూ.

ముగ్గురూ తిన్నారు. మేనకోడలు రెండోసారి కూడా వడ్డించుకుంది. పెట్టె ఊసు ఎవరూ ఎత్తలేదు. చేతులు కడుక్కుని, పగటిపూట ఫోన్ చేస్తే ఎత్తాలని తల్లి దగ్గర మాట తీసుకుని, చీకటి పడకముందే ఆమె ఒక్కతే బస్సెక్కింది.

మంచం మీద పెట్టె మూత తెరిచినది తెరిచినట్టే ఉంది, లోపల ఒక్క బట్టయినా లేకుండా.