నలభై సున్నాలు

పెద్దక్క చేతిలో ట్యాబ్ పెట్టిన రోజున డాక్టరమ్మ ముందే చెప్పింది: "ఇది మీకు పని నేర్పడానికి కాదక్కా, గుర్తుచేయడానికి."

తాగుడు మాన్పించే ఆ కేంద్రంలో ఇరవై రెండేళ్ళుగా కౌన్సెలర్‌గా ఉన్న మనిషికి ఏం గుర్తుచేస్తారు? వచ్చినవాళ్ళను తిట్టీ, బతిమాలీ, పిల్లల ఫొటోల మీద ఒట్లు వేయించీ ఆమె జుట్టు నెరిసింది. రోగుల నుంచి వంటమనిషి దాకా అందరికీ ఆమె పెద్దక్కే. కళ్ళద్దాలు సర్దుకుని తెర మీది మాటలు పైకి చదివింది.

"'మళ్ళీ తాగానని రోగి చెబితే, ముందు ఆ మాట చెప్పినందుకు కృతజ్ఞతలు చెప్పండి.' ఇదేం చోద్యం డాక్టరమ్మా? దండ కూడా వేయమంటుందేమో, కింద చూడు."

"దండ లేదక్కా. మాత్రలు సరిగా వేసుకుంటున్నాడా అని అడగమంటుంది."

"ఆ మాత్రం బుద్ధి ఉందన్నమాట."

ట్యాబ్‌లో ఉన్న మెట్లు ఒకరికి తోచి రాసినవి కావు. వేలమంది రోగులను ఏళ్ళ తరబడి గమనించి, ఏ పద్ధతి మనిషిని నిలబెట్టిందో, ఏది నిలబెట్టలేదో తేల్చుకుని రాసినవి. ఇంటికి వెళ్ళిన ప్రతి రోగి ఫోనుకూ రోజూ ఒక ప్రశ్న వెళ్తుంది: తాగాలన్న కోరిక ఇవాళ ఎంతుంది, సున్నా నుంచి పది దాకా ఒక అంకె నొక్కండి. అంకె ఆరు దాటినా, రెండు రోజులు జవాబు లేకపోయినా పెద్దక్క చేతిలో ట్యాబ్ మోగుతుంది. ఆమె ఫోన్ చేస్తుంది. మాత్రలు మార్చాలంటే డాక్టరమ్మ మారుస్తుంది.

దాంతోపాటు ఒక పాత నియమం పోయింది. ఇంటికి వెళ్ళాక మళ్ళీ తాగినవాడి పేరు ఆరు నెలల పాటు కొట్టేసేవారు. ఇక కొట్టేయరు. తాగితే మర్నాడు పొద్దున్నే రమ్మంటారు, అంతే. ఆ మాట డాక్టరమ్మ చెప్పినప్పుడు పెద్దక్క లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చింది.

తొమ్మిదేళ్ళ కిందట ఆ నియమం ప్రకారం పేరు కొట్టేసిన కాగితాల్లో ఒకటి ఆమె తమ్ముడిది. కింద సంతకం ఆమెదే. సొంతవాడని సడలిస్తే రేపు తన మాట ఎవరు వింటారు అనుకుంది. ఆరు నెలలు పూర్తి కావడానికి పదకొండు రోజులు ఉన్నాయనగా అతను పోయాడు. ఆ తర్వాత కూడా ఆమె రోజూ సమయానికే పనిలోకి వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె ఏమీ చెప్పలేదు.

ఇంటికి వెళ్ళినవాళ్ళలో కళ్ళద్దాల షాపాయన ఒకడు. పాత నియమం కింద రెండుసార్లు పేరు పోగొట్టుకుని మూడోసారి చేరినవాడు. సాయంత్రం నాలుగింటికి ప్రశ్న పంపమని ఆయనే అడిగాడు. నలభై రోజుల్లో నలభై జవాబులు వచ్చాయి. నలభైకి నలభై సున్నాలే. ట్యాబ్‌లో అవి ఒకే అడ్డగీతగా కనిపించాయి.

"చూడండక్కా, స్కేలు పెట్టి గీసినట్టుంది" అని డాక్టరమ్మ మురిసిపోయింది. "పై ఆఫీసుకి ముందు ఈ గీతే పంపిస్తాను."

"ఈసీజీలో గుండె గీత ఇలా వస్తే మీరేమంటారు డాక్టరమ్మా?"

డాక్టరమ్మ నవ్వు సగంలో ఆగింది.

"రోడ్డు వెడల్పు చేస్తూ పోయిన మంగళవారం ఆయన షాపు ముందు మెట్లు కూలగొట్టారు" అంది పెద్దక్క. "ఆ రోజు కూడా సున్నాయే. నాకే ఆ మెట్లు తలుచుకుంటే ఒళ్ళు మండుతోంది, ఆయనకి ఏమీ అనిపించలేదా?"

"ఫోన్ చేసి అడగండి మరి."

"వేలితో సున్నా నొక్కినవాడు నోటితో తొమ్మిది చెబుతాడా? నా కళ్ళద్దాల స్క్రూ ఎటూ వదులైంది. వెళ్ళొస్తాను."

షాపు ముందు కాలువలా తవ్వి ఉంది. మెట్లు ఉండాల్సిన చోట ఒక చెక్క అడ్డంగా వేశారు. కౌంటర్ వెనక ఆయన భార్య కూర్చుని ఉంది. ఆమె వెనక తెర, తెర అవతల అద్దాలు అరగదీసే మిషను గరగర.

"రండక్కా, రండి! చెక్క మధ్యలో కాలు పెట్టండి. చివర తొక్కితే అది లేచి మిమ్మల్నే కొడుతుంది. పొద్దున ఒకాయన అద్దాలు బాగుచేయించుకోవడానికి వచ్చి పళ్ళు ఊడగొట్టుకోబోయాడు."

"మీ ఆయనెలా ఉన్నాడు తల్లీ?"

"బంగారం అక్కా. పనే లోకం. టీ తప్ప ఇంకేం ముట్టుకోవట్లేదు."

అప్పజెప్పిన పాఠంలా ఉంది ఆ జవాబు. ఎక్కడా తడబాటు లేదు. పెద్దక్క కళ్ళద్దాలు తీసి ఇచ్చింది.

"ఏమండీ, పెద్దక్క వచ్చారు! స్క్రూ బిగించాలట!"

మిషను ఆగింది. మనిషి మాత్రం రాలేదు. భార్యే సన్న స్క్రూడ్రైవర్ తీసుకుని ఫ్రేము మీదికి వంగింది. పగలంతా కౌంటర్ మీదే ఉండే ఆయన ఫోను గుర్రుమంది. నాలుగైంది. ఆమె రోడ్డు కాంట్రాక్టర్ని తిట్టడం ఆపకుండానే, ఫోను వైపు చూడకుండానే, బొటనవేలితో ఒక చోట నొక్కి దాన్ని బోర్లించింది. అద్దాలు లేకపోయినా పెద్దక్కకు ఆ వేలు స్పష్టంగా కనిపించింది.

"ఆ ప్రశ్న నీకు కాదు కదమ్మా."

స్క్రూ జారి కింద పడింది.

"ఆయన పనిలో ఉన్నారని..."

"నలభై రోజులూ నాలుగింటికి పనిలోనే ఉన్నాడా?"

భార్య స్క్రూ కోసం వంగబోయి ఆగింది. అంతలోనే కోపం వచ్చింది. "మరేం నొక్కమంటారు? ఎనిమిదని నొక్కి పేరు కొట్టించుకోమంటారా?"

"ఆ నియమం పోయింది. డాక్టరమ్మ చెప్పలేదా?"

"చెప్పింది. ఆవిడ చెబుతున్నంతసేపూ ఆవిడ తల వెనక గోడ మీద బోర్డు కనబడుతూనే ఉంది. 'తిరిగి తాగినవారికి ఇక్కడ చోటు లేదు.' ముత్యాల్లాంటి అక్షరాలు! ఆవిడ మాట నమ్మాలా, గోడ మాట నమ్మాలా? ఆవిడ నిన్నగాక మొన్న వచ్చింది. ఆ గోడ రెండుసార్లు మమ్మల్ని బయటికి గెంటింది అక్కా."

ఆ ముత్యాలు పెద్దక్కవే. ఉద్యోగంలో చేరిన కొత్తలో కుంచె పట్టుకుని, గీతలు గీసుకుని, ఒక మధ్యాహ్నమంతా కూర్చుని రాసింది. మందులు మారాయి, మాటలు మారాయి, ట్యాబ్‌లు వచ్చాయి. గోడ వంక మాత్రం ఎవరూ చూడలేదు. రోజూ దాని కిందే కూర్చునే తను అసలే చూడలేదు.

తెర కదిలింది. షాపాయన వచ్చి భార్య వెనక నిలబడ్డాడు. రెండు చేతులూ ఏప్రన్ జేబుల్లో ఉన్నాయి.

"దాన్నేమీ అనకండి అక్కగారూ. ఆదివారం తాగాను. బుధవారం కూడా. మాత్రలు అయిపోయి పన్నెండు రోజులైంది. తెచ్చుకోవడానికి వస్తే మొహం చూసి పట్టేస్తారని రాలేదు. పేరు కొట్టేయండి, గొడవ వదిలిపోతుంది. మాకు అలవాటే కదా."

ఇరవై రెండేళ్ళ తిట్లన్నీ ఒక్కసారిగా పెద్దక్క నాలుక చివరికి వచ్చాయి. పెళ్ళాం మొహం చూడలేదా, సిగ్గు లేదా, ఇన్నాళ్ళ కష్టం ఏట్లో కలిపావా. అన్నీ మింగింది.

"చెప్పినందుకు థాంక్స్" అంది.

షాపాయన భార్య వంక చూశాడు. భార్య పెద్దక్క వంక చూసింది. "అంతేనా? తిట్టరా?"

"తిట్టాలనే ఉంది. ట్యాబ్ ఒప్పుకోదు."

"మీ నోరు కట్టేసిందంటే అది మామూలు మిషను కాదక్కా" అని నవ్వబోయింది భార్య. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. కొంగుతో మొహం కప్పుకుంది.

"రేపు పొద్దున తొమ్మిదికి రండి" అంది పెద్దక్క. "ఒంట్లో ఎలా ఉందో డాక్టరమ్మ చూస్తుంది, మాత్రలు ఇస్తుంది. నేను గేటు దగ్గరే ఉంటాను. ఇక ఆ బోర్డంటారా, అది నేను రాసిందే. నా తమ్ముణ్ణి కూడా దాని కింద నిలబెట్టే పంపించేశాను. వాడు మళ్ళీ రాలేదు."

తొమ్మిదేళ్ళలో ఆ మాట ఆమె పైకి అనడం అదే మొదటిసారి. షాపాయన జేబుల్లోంచి చేతులు తీశాడు. వణుకుతున్నాయి. మోకాళ్ళ మీద కూర్చుని స్క్రూ వెతకసాగాడు. అది బియ్యపు నూక అంత ఉంటుంది. భార్య టార్చి పట్టుకుంది, పెద్దక్క కౌంటర్ కింద తడిమింది. దొరికాక ఆయనే బిగిస్తానన్నాడు. భార్య ఫ్రేమును గట్టిగా పట్టుకుంది. రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది.

"ముందే ఇలా ఇద్దరూ పట్టుంటే ఊడేది కాదు కదయ్యా" అంది పెద్దక్క.

"తిట్టనన్నారుగా!" అన్నాడు ఆయన.

ఆ సాయంత్రమే బోర్డు దిగింది. గోడ మీద దాని మేర తెల్లటి చదరం మిగిలింది. మర్నాడు తొమ్మిదికి పది నిమిషాల ముందే దంపతులిద్దరూ గేటు దగ్గర ఉన్నారు. డాక్టరమ్మ ఆయన్ను పరీక్ష చేసి మాత్రలు మళ్ళీ మొదలుపెట్టింది. ప్రశ్న వచ్చే వేళను షాపు తెరవకముందు, ఫోను ఆయన చేతిలోనే ఉండే ఏడింటికి మార్చింది. ఆ వారమంతా పెద్దక్కా డాక్టరమ్మా కూర్చుని మిగతా ఇళ్ళకు ఫోన్లు చేశారు. ఇంకో ఏడిళ్ళలో ఇదే కథ. ఒకచోట తల్లి నొక్కుతోంది, ఒకచోట కూతురు. ఒక ఇంట్లో అల్లుడి తరఫున అత్తగారు నొక్కుతోందట, అదీ మధ్యమధ్య నమ్మకం కుదరాలని ఒకటీ రెండూ కలిపి.

"ఆవిణ్ణి మనం ఉద్యోగంలోకి తీసుకోవాలి" అంది పెద్దక్క.

డాక్టరమ్మ నవ్వలేదు. "తప్పు నాదక్కా. ప్రశ్న పంపించాను కానీ, జవాబు చెబితే ఏమవుతుందో వాళ్ళకి నమ్మకం కలిగించలేదు." ప్రశ్న పైన ఒక వాక్యం చేర్పించింది: ఏ అంకె నొక్కినా మీ పేరు ఇక్కడే ఉంటుంది. ఆ వాక్యం రాసింది పెద్దక్కే. ట్యాబ్ కంపెనీవాళ్ళు పంపిన మాటలు మరీ గ్రాంథికంగా ఉన్నాయని.

షాపాయన గీత ఇప్పుడు రంపపు పళ్ళలా వచ్చింది. ఏడు, ఎనిమిది, అయిదు, మళ్ళీ ఏడు, మూడు. ఏడో ఎనిమిదో వచ్చినప్పుడల్లా పెద్దక్క ఫోన్ చేసేది. ఏం జరిగిందో ఆయన చెప్పేవాడు, ఆమె వినేది. వినడం ఇంత కష్టమైన పని అని తనకు ఈ వయసులో తెలిసిందని డాక్టరమ్మతో అంది. పొద్దున ఏడింటికి ఆమె తన ఇంట్లో, కాఫీ చల్లారిపోతున్నా, ఆ అంకె కోసం చూస్తూ కూర్చునేది. అంకె ఎంతైనా సరే, అది నిజమైన అంకె. దాన్ని చూడగానే ఎవరికో దణ్ణం పెట్టాలనిపించేది. ఎవరికో తెలియక డాక్టరమ్మకు, షాపాయన భార్యకు, ఆ అద్దాల స్క్రూకు వరసగా పెట్టుకునేది మనసులో.

మూడు వారాలయ్యాక ఒక రోజు పదకొండు గంటలవేళ ట్యాబ్ మోగింది. అది ప్రశ్న వెళ్ళే వేళ కాదు. ఎవరూ అడగకుండానే షాపాయన తొమ్మిది నొక్కాడు.

పెద్దక్క ఫోన్ చేసింది. మోత కిటికీ అవతల వినిపించింది.

గేటు పక్కన సిమెంటు బల్ల మీద ఆయన కూర్చుని ఉన్నాడు. ఏప్రన్ ఇంకా ఒంటి మీదే ఉంది. పెద్దక్క చెప్పులు వేసుకోకుండానే బయటికి వచ్చింది.

"ఇక్కడిదాకా వచ్చి లోపలికి రాలేదేం?"

"కాళ్ళు ఇక్కడిదాకా తెచ్చాయక్కా. ఆపైన మొరాయించాయి. వేలు మాట విన్నది."

ఆమె ఆయన్ను లోపలికి రమ్మనలేదు. పక్కనే కూర్చుంది. పేరు కొట్టేసిన రోజు గేటు దాటాక తమ్ముడు ఏ వైపు తిరిగాడో ఆమెకు ఇప్పటికీ తెలియదు. ఈ మనిషి ఎక్కడున్నాడో తెలుసు. చేయి చాస్తే అందుతాడు. ఆయన చేతిలో ఫోను మళ్ళీ మోగింది. మాట్లాడే ఓపిక లేక ఆమెకు అందించాడు. ఆమె హలో అంది.

"అక్కా, మిషను ఆపకుండా వెళ్ళిపోయారు" అని భార్య గొంతు ఆయాసపడుతోంది. "అక్కడికి వచ్చారా? ఉన్నారా?"

"ఉన్నాడు" అంది పెద్దక్క. "ఇదిగో, నా పక్కనే ఉన్నాడు. నువ్వు నిదానంగా రా. చెక్క మీద జాగ్రత్త."