మృతుల రాత్రి వచ్చినవాడు

మా తమ్ముడు ఫెర్గల్ ఇంగ్లీషువాళ్ళ విమానదళంలో చేరి సముద్రంలో కూలిపోయాక అమ్మ నాతో మాట్లాడటం దాదాపు మానేసింది. ఆవుకి గడ్డి వేశావా, కోళ్ళని మూశావా, అంతే. వాణ్ణి నీళ్ళల్లోకి నేనే తోసినట్టు! వాడున్నప్పుడు మాత్రం ఏం ఒరిగింది లెండి. అమ్మకి ముద్దు మాటలన్నీ వాడికే ఖర్చయిపోయేవి.

శవం దొరకలేదు. అందుకే ఆ నవంబరులో మృతుల రాత్రి కోసం అమ్మ కళ్ళల్లో వత్తులు వేసుకుని ఎదురుచూసింది. ఆ రాత్రి మా వైపు ఏ ఇంటా తలుపుకి గడియ వెయ్యరు. పొయ్యి ఆర్పరు. పోయినవాళ్ళ కోసం నిప్పు దగ్గర కుర్చీ వేసి, రొట్టె, పాలు పెట్టి, బతికున్నవాళ్ళు పెందరాళే గదుల్లో దూరిపోతారు. చప్పుడు వినిపించినా బయటికి రాకూడదు, పలకరించకూడదు. చూస్తే వాళ్ళు మళ్ళీ రారు. అమ్మ ఫెర్గల్ ఉన్నికోటు కూడా తెచ్చి కుర్చీ మీద వేసింది. "నీళ్ళల్లో నాని ఉంటాడు, వాడికి చలేస్తుంది" అంది.

మేమిద్దరం పడుకున్న కాసేపటికి వీధి తలుపు కిర్రుమంది. బూట్ల చప్పుడు. దగ్గు. కుర్చీ జరిగింది.

అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "వాడే! కదిలావంటే నా మీద ఒట్టే" అంది.

ఇవన్నీ ముసలమ్మ కబుర్లని వెక్కిరించే నేనే దుప్పటి తలదాకా లాక్కున్నాను.

తెల్లవారి చూస్తే పళ్ళెం ఖాళీ, కోటు లేదు. అమ్మ మొహం చూడాలి అప్పుడు! "నూలా, చూశావుటే! వచ్చాడే!" అని నవ్వింది. ఏడాది తర్వాత నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు. నేను చెంబు పట్టుకుని పాలు పితకడానికి వెళ్ళాను. ఆవులపాకలో, గడ్డిమీద, ఫెర్గల్ కోటు వేసుకుని ఒకడు పడుకుని ఉన్నాడు.

ఫెర్గల్ కాదు. ఎర్ర జుట్టు, చీరుకుపోయిన చేతులు, కోటు కింద విమానదళం నీలం బట్టలు. గడ్డి ఎత్తే పంగలకర్ర తీసి వాడి గుండెకి ఆనించాను.

"లే! ఎవడ్రా నువ్వు?"

"అరవకండి, మీకు పుణ్యముంటుంది! నా పేరు లయనల్. మాది కెనడా. మా విమానం మీ దేశంలో పడింది. శిబిరంలో పెట్టారు."

యుద్ధం మాకొద్దని ఏ పక్షమూ చేరని మా ప్రభుత్వం, ఇక్కడ పడిన ఇంగ్లీషు పక్షం వాళ్ళనీ జర్మన్లనీ ఒకే మైదానంలో మధ్యన ముళ్ళతీగ వేసి ఉంచేది.

"ఆ శిబిరమా? సాయంత్రమైతే బీరుకీ డాన్సుకీ వదులుతారటగా! అంత కష్టం ఏమొచ్చిపడింది నీకు?"

"తిరిగొస్తానని మాటిస్తేనే వదులుతారు. మాట మీద ఉన్నప్పుడు పారిపోలేదండీ. తిరిగొచ్చి, నా మాట చెల్లించి, ఆ తర్వాతే తీగ కింద దూరాను. ఉత్తరాన సరిహద్దు దాటితే చాలు, అవతల ఇంగ్లీషువాళ్ళ నేలే, మళ్ళీ మా వాళ్ళతో కలుస్తాను."

"అబ్బో, పెద్ద మాట నిలబెట్టుకునేవాడివే! మరి చచ్చినవాడి రొట్టె తినడానికి మనసెలా ఒప్పింది?"

"చచ్చినవాడిదా? తలుపు తీసి ఉంది. నిప్పు, తిండి, కోటు అన్నీ ఉన్నాయి. మాలాంటివాళ్ళకి సాయం చేసే ఇల్లేమో అనుకున్నాను" అంటూ కోటు విప్పబోయాడు.

అంతలో వాకిట్లో లారీ ఆగింది. వాణ్ణి గడ్డిలోకి తోసి బయటికి పరిగెత్తాను.

సార్జెంట్ హ్యానన్, వెనక తుపాకులతో సిపాయిలు. హ్యానన్ మా చర్చికి వచ్చేవాడే. అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"అమ్మా, రాత్రి ఇటు ఎవరైనా వచ్చారా?"

"వచ్చాడు నాయనా. మా ఫెర్గల్ వచ్చాడు. కడుపునిండా తిన్నాడు. కోటు వేసుకుని వెళ్ళాడు."

హ్యానన్ టోపీ తీసేశాడు. సిపాయిలు శిలువ గుర్తు వేసుకున్నారు. ఒకడు మాత్రం పాక వైపు చూశాడు.

"నిజమేనా, నూలా?" అన్నాడు హ్యానన్.

వాడెవడో పట్టుబడితే నాకేం? కానీ వాణ్ణి ఈడ్చుకొస్తే అమ్మ ముందుగా చూసేది ఆ కోటునే. తన కొడుకు రాలేదని అప్పుడు తెలుస్తుంది. ఫెర్గల్ రెండోసారి చస్తాడు, ఈసారి మా వాకిట్లోనే.

"నిజమే. దగ్గు కూడా విన్నాం" అన్నాను.

"అదృష్టవంతులు. మా నాన్న ఒక్కసారీ రాలేదు" అన్నాడు హ్యానన్. పాక వెతికితే అమ్మని అబద్ధాలకోరు అన్నట్టేగా. వెళ్ళిపోయారు.

చీకటి పడుతుండగా లయనల్‌ని బురదనేల పక్క దారి దాకా తీసుకెళ్ళాను.

"మీ అమ్మగారికి చెప్పండి, నేను..."

"ఆవిడకి తెలిసిందంటే నీ పీక పిసుకుతా! కోటు వేసుకునే ఫో. మళ్ళీ ఈ ఇంట్లో అది కనపడకూడదు."

వాడు దొరకలేదని తర్వాత చర్చి దగ్గర హ్యానన్ చెప్పాడు. దాటేసి ఉంటాడు. అమ్మ మాత్రం ఏడాదంతా ఆ ఒక్క రాత్రిని పట్టుకుని బతికింది. కొడుకు దగ్గు ఎలా ఉందో ఊరందరికీ చెప్పింది. మళ్ళీ నవంబరు దగ్గరపడుతుంటే "ఈసారీ వస్తాడంటావా?" అని రోజూ నన్నే అడిగేది. నా గుండె చెరువయ్యేది. ఎక్కణ్ణుంచి తేను వాణ్ణి?

మృతుల రాత్రి నాడు మేనత్త ఇంట్లో పడుకుంటానని చెప్పి బయటపడ్డాను. తర్వాత ఎప్పుడో పోయిన మా నాన్న పాత బూట్లు తొడుక్కుని మా ఇంటి తలుపు నేనే తోశాను. దగ్గాను. కుర్చీలో కూర్చుని రొట్టె తిన్నాను. గది తలుపు అవతల అమ్మ నిలబడి ఉందని ఊపిరిని బట్టి తెలుస్తోంది. మాట్లాడకూడదని తనకీ తెలుసు. అయినా ఆగలేకపోయింది.

"చలేస్తోందా నాన్నా? నిప్పు దగ్గరికి జరుగు, బంగారు తండ్రీ."

జరిగాను. నాకు అప్పటికి ముప్పై దాటాయి. ఆ గొంతుతో అమ్మ నన్ను ఒక్కసారీ పిలిచి ఎరగదు. ఏడుపు బయటికి రాకుండా రొట్టె నోట్లో కుక్కుకున్నాను.

అమ్మ పోయేదాకా ఏటేటా వెళ్ళాను. పాపం, ఆవిడ కోసమే కదా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. కాదు. ఆ మాట కోసం వెళ్ళేదాన్ని.