దీపాల నూనె

మా పెళ్లయ్యాక ఆడించిన తొలి ఆలివ్ నూనెను నేనూ, మా ఆయన స్తామాతిసూ మురిసిపోతూ చర్చి దీపాలకని మోసుకెళ్లాం. లోపల ఒక్క దీపమూ వెలగడం లేదు. ఊరంతా ఇచ్చిన నూనె ఫాదర్ తమ్ముడి హోటల్లో చేపల వేపుడుకి పోతోందని, దీపాలు చూసే ఎవాంథియా అవ్వ అక్కడే ఉన్న ఫాదర్ ముఖం మీదే మాకు చెప్పింది.

“ముసల్దానికి నోరెక్కువైంది. తాళాలిచ్చి ఇంటికి పో,” అన్నాడు ఫాదర్.

“తీసుకో నాయనా. ఇక దేవుడికి కూడా చేపలే వేయించి పెడుదువుగాని,” అంటూ అవ్వ తాళాలిచ్చేసింది.

ఫాదర్ మా నూనె డబ్బా కోసం చెయ్యి చాపాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

“ఇది మీ బాణలికి కాదు ఫాదర్,” అని డబ్బా అవ్వకే ఇచ్చాను.

అవ్వ తొందరపడకుండా ఒక్కో దీపం నింపుతుంటే స్తామాతిస్ వెలిగించాడు. మమ్మల్ని బయటికి పొమ్మంటూ ఫాదర్ తలుపుకు తాళం వేయబోయాడు. నేను వెళ్లి గడప మీద కూర్చున్నాను.