పైపుల్లో బాతులు

ఆదివారం ఉదయం ఏడు గంటలకు ఊరి చివర లాండ్రీలో నీళ్లు ఆగిపోయాయి. ఆపింది ఇద్దరు ప్లంబర్లు. వరసకు బావా బావమరదులు.

పైపుల్లో బూరా ఊదుతున్నట్టు చప్పుడు వస్తోందని యజమానురాలు ఫోన్ చేసింది. బావ గోడ పక్క పైపుకు చెవి ఆనించాడు.

"గాలి చేరింది," అన్నాడు.

"గాలే," అన్నాడు బావమరిది. "అదీ బలిసిన గాలి."

పని త్వరగా ముగించాలన్నది వాళ్ల ఆత్రం. వాళ్లకు వేరే వేట ఉంది. బావ భార్య, అంటే బావమరిదికి అక్క, బస్సు నడుపుతుంది. ఏటా వసంతంలో ఉత్తరానికి పోయే అడవి బాతులు ఊరి చుట్టూ చేలల్లో దిగుతాయి. ఎక్కడ దిగాయో వెతుక్కుంటూ వెళ్లి కళ్లారా చూసి వచ్చేది ఆమే. ఈసారి కాలు విరిగి, పిండికట్టుతో ఇంట్లో ఉంది. మేం వెతికి చూపిస్తామని ఇద్దరూ మాటిచ్చారు. వ్యాను వేసుకుని తిరిగారు. ఒకచోట బాతులనుకుని పాలిథిన్ సంచుల దాకా పాక్కుంటూ వెళ్లారు. ఇంకోచోట పెంపుడు బాతులు దొరికాయి. వాటి యజమాని కర్ర పట్టుకుని తరిమాడు.

దక్షిణపు గాలి మొదలైతే బాతులు ఆగవు. గాలి శనివారమే మొదలైంది.

"సింకులో పడ్డ చెవిపోగు దొరుకుతుంది మీకు. ఆకాశమంత గుంపు మాత్రం దొరకదు," అని ఆమె ఆ ఉదయం గోడ వైపు తిరిగి పడుకుంది.

లాండ్రీలో బావ మెయిన్ వాల్వు కట్టేశాడు. చప్పుడు ఆగలేదు. కుళాయిలన్నీ తిప్పారు. చప్పుడు పెరిగింది.

"ఏమయ్యా, నీళ్లు పోయి బూరా మిగిలింది. బాగు చేయడమంటే ఇదేనా?" అంది యజమానురాలు.

"ట్యాంకులో ఉంటుందమ్మా తేడా," అన్నాడు బావ.

బావమరిది మేడ ఎక్కి, ట్యాంకు మూత తీసి తల లోపల పెట్టాడు. ఏమీ లేదు. తల బయటికి తీసి వెనక్కి తిరిగాడు. లాండ్రీ వెనక గోడకు కిటికీ లేదు. ఆ గోడ అవతలి చేనులో నేల కనిపించనన్ని బాతులు. వాటి కూతల్ని మేడ మీది మూతలేని పైపు కిందికి మోస్తోంది.

"బావా! గాలి కాదు, బాతులు!"

"పైపులోనా?"

"నీ బుర్రలో! పైకి రా!"

బావ వచ్చి చూశాడు. ఇద్దరూ భుజాలు పట్టుకుని ట్యాంకు చుట్టూ గెంతారు. తర్వాత వ్యానుకేసి పరిగెత్తారు.

ఇంటి నుంచి బావ భార్యను తెచ్చి లాండ్రీ కుర్చీలో కూర్చోబెట్టారు. బావ ముందు, బావమరిది వెనక పట్టుకుని మెట్లెక్కారు.

"మెల్లగా! నన్ను బాయిలర్ అనుకున్నారా?"

"బాయిలర్‌కి నోరుండదక్కా."

"ఒరేయ్, కింద పెట్టాక చెప్తా నీ పని."

సగం మెట్ల దగ్గర కూతలు ఒక్కసారిగా హోరెత్తాయి. ఆమెకు ఆ చప్పుడు తెలుసు.

"లేస్తున్నాయి! మెల్లగా అన్నది నేను కాదు, పరిగెత్తండి!"

కుర్చీ మేడ మీదికి చేరేసరికి మొదటి వరస వాళ్ల తలల మీదికి వచ్చింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. ఆమె పిండికట్టు కాలు చాపి, రెండు చేతులూ ఎత్తి అరిచింది. బావ భుజం మీద రెట్ట పడింది.

"అదృష్టం బావా," అన్నాడు బావమరిది. అతని నెత్తి మీదా పడింది.

నవ్వుతూ ఆమె కుర్చీలోంచి జారబోతే, వాళ్ల వెనకే మేడెక్కి వచ్చిన యజమానురాలు పట్టుకుంది. చివరి గుంపు ఉత్తరానికి తిరిగినప్పుడు నలుగురూ మేడ మీదే ఉన్నారు.