శారదాంబ చివరి రంగం

శనివారం పొద్దున్న పదింటికల్లా హరనాథ్ గరాజ్‌లోంచి రెండు కార్లూ బయటికి తీసేవాడు. అతని భార్య ఆండాళ్ ఫ్లాస్కు నిండా టీ పోసి పెట్టేది. పద్మజ స్క్రిప్టు పట్టుకుని వచ్చేది, ఆ గరాజ్‌లోనే రిహార్సల్ మొదలయ్యేది. ఈ పరాయిదేశపు బాతెల్ ఊళ్ళో తెలుగువాళ్ళ ఉగాది నాటకం అంటే ఏళ్ళ తరబడి ఇదే పద్ధతి.

ఈసారి పద్మజ పట్టుబట్టి విక్టోరియా రాణి కాలం నాటి ఇంగ్లీషు నవల ఒకటి నాటకం చేసింది. దాన్ని ఎన్ని దేశాల్లో ఆడారో, ఎన్నిసార్లు సినిమా తీశారో లెక్కే లేదు. అందులో మోసపోయిన కుట్టుపని పిల్ల చివర్లో కాలవలో దూకి చచ్చిపోతుంది. పద్మజ ఆ కాలవని గోదావరి కాలవ చేసింది, ఆ పిల్లకి శారదాంబ అని పేరు పెట్టింది, వేషం మాత్రం కూతురు గీతాంజలికే ఇచ్చుకుంది. కాకిపిల్ల కాకికి ముద్దు, కాదనేదెవరు?

మూడో శనివారం అసలు శారదాంబ వచ్చింది.

ఇరవై ఏళ్ళుంటాయేమో. బూడిదరంగు గౌను, నెత్తినుంచి కాళ్ళదాకా తడిసి ముద్ద. ఎప్పుడూ వాన పడే బాతెల్‌లో తడిసొచ్చినవాళ్ళని చూసి ఆశ్చర్యపోతే ఇక రోజంతా అదే పని. ఆండాళ్ తువ్వాలు ఇచ్చింది. ఆ పిల్ల వెనక వరసలో చివరి కుర్చీలో కూర్చుంది. ఆ నవల ఎక్కడ ఆడినా అందులోని పిల్లే స్వయంగా వస్తుందని, చివరి రంగం చూసి వెళ్ళిపోతుందని నాటకాల వాళ్ళందరికీ తెలిసిందే. హరనాథ్ కుర్చీ కింద బకెట్ పెట్టాడు. టీ ఇస్తే అందుకునేది కాదు, నోరు విప్పేది కాదు. డైలాగ్ చెప్తున్నంతసేపూ గీతాంజలి పెదవులకేసి చూస్తూ, తన పెదవులు కూడా కదిపేది. రిహార్సల్ అయ్యేసరికి బకెట్ నిండేది.

నాలుగో వారం గీతాంజలికి దగ్గు పట్టుకుంది. వానలకి జలుబనుకున్నారు. ఆరో వారం దగ్గితే రుమాల్లో నాచు పడింది. నాటకంలో జమీందారు వేషం వేస్తున్న లక్ష్మీపతి గారు ఊపిరితిత్తుల డాక్టరు, రిటైరై పదేళ్ళయింది. ఆయన గీతాంజలి వీపు మీద స్టెతస్కోప్ పెట్టి చాలాసేపు విన్నారు. కాలవ నీళ్ళు సగందాకా ఉన్నాయన్నారు. రెండేళ్ళ కిందట వేరే ఊళ్ళో ఇంగ్లీషు వాళ్ళు ఈ నాటకమే ఆడితే, ఆ వేషం కట్టినమ్మాయి చివరి ఆట మర్నాడు పొడి పక్కమీద మునిగి చచ్చిపోయిందని కూడా చెప్పారు.

"మరి మానిపించేస్తాను," అంది పద్మజ.

"మానేస్తే ఆ నీళ్ళు లోపలే ఉండిపోతాయమ్మా. మొదలుపెట్టాక ఏదో ఒక గట్టుకి చేరాల్సిందే," అన్నారాయన.

గీతాంజలి, "ఐ యామ్ ఫైన్ అమ్మా, కొంచెం వాటర్, అంతే కదా," అని నవ్వింది. నవ్వుతుంటే గొంతులో గుడగుడ వినిపించింది.

ఉగాది పూట చావేమిటి, ఆఖర్న ఆ పిల్లని బతికించండి అని తెలుగు అసోసియేషన్ కమిటీ వాళ్ళు మొదట్లోనే మొత్తుకున్నారు. పద్మజ వింటేనా! ముప్పై ఏళ్ళు ఇంగ్లీషు పాఠాలు చెప్పిన మనిషి. ఒకరు రాసిన ముగింపు మార్చడం దొంగతనం అని వాళ్ళ నోళ్ళు మూయించింది. ఇప్పుడు ఆ పౌరుషమంతా ఏ గంగలో కలిసిందో, ఒక్కపూటలో కొత్త రంగం రాసేసింది. పడవవాడు చెయ్యి పట్టి శారదాంబని గట్టుకి లాగుతాడు. హరనాథే పడవవాడు. దాన్ని రిహార్సల్ చేసిన రోజు వెనక వరసలో పిల్ల మొదటిసారి కుర్చీలో ముందుకి వంగింది. గీతాంజలి ఆ వారమంతా దగ్గలేదు.

ఉగాది సంబరాలు ఏనాడు టైముకి నడిచాయి గనక? నాలుగింటికన్న ప్రోగ్రాం ఐదింటికి మొదలైంది. పిల్లల డాన్సులు పద్నాలుగు. ఒక్కటి తీసేసినా ఆ తల్లిదండ్రులు మళ్ళీ అసోసియేషన్ మొహం చూడరు. తర్వాత స్పాన్సర్ల ప్రసంగాలు, శాలువాలు. ఎనిమిదిన్నరకి హాలు ఖాళీ చెయ్యాలి. కోతపడేది ఎప్పుడూ నాటకానికే. కార్యదర్శి విశాల్ వాచీ చూసుకున్నాడు. స్టేజీ మీద గీతాంజలి కాలవలో దూకగానే, భలే ముగింపు అనుకుని తెర దింపించేసి, భోజనాలు రెడీ అని మైకులో చెప్పేశాడు. జనం బిలబిలమంటూ లేచారు. పులిహోర వాసనకి కళ మీద ప్రేమ నిలుస్తుందా?

తెర వెనక గీతాంజలి లేవలేదు. ముక్కులోంచి, నోట్లోంచి సన్నగా నీళ్ళు కారుతున్నాయి. లక్ష్మీపతి గారు బోర్లా తిప్పి వీపు మీద నొక్కుతున్నారు, ఎంత నొక్కినా నీళ్ళు తరగడం లేదు. హరనాథ్ అప్పటికే మీసం పీకేసి భోజనాల వైపు వెళ్ళిపోయాడు. పద్మజ తెర తాడు తనే లాగింది. ఐదొందల కుర్చీలు ఖాళీ. చివరి వరసలో ఒక్కతే కూర్చుని ఉంది, మిగిలిన రంగం కోసం.

పద్మజ పట్టుచీర కుచ్చిళ్ళు ఎగదోపింది. పడవవాడి మాటలు తనే అంది. చెయ్యి చాచి కూతురి చెయ్యి పట్టుకుని లాగింది. మనిషి కదిలింది గానీ ఊపిరి రాలేదు. మళ్ళీ లాగింది. ఏమీ లేదు. తలెత్తేసరికి తడి గౌను పిల్ల స్టేజీ అంచు దగ్గర నిలబడి ఉంది. ఆమె చుట్టూ నడుం దాకా నల్లటి నీళ్ళు. ఒక చెయ్యి పైకెత్తి ఉంది.

పద్మజకి అప్పుడు తెలిసింది. తను రాసిన రంగం శారదాంబకి. లాగవలసింది ఈ అసలు శారదాంబని.

"వద్దు పద్మజగారూ, మిమ్మల్ని కూడా లోపలికి లాగేస్తుంది," అన్నారు లక్ష్మీపతి గారు.

ఒక చేతిలో కూతురి చెయ్యి, చల్లబడిపోతోంది. దాన్ని వదలాలంటే ప్రాణం విలవిల్లాడింది. కన్నతల్లి కదా, ఎలా వదులుతుంది? వదిలింది. రెండు చేతులా ఆ పిల్ల చెయ్యి పట్టుకుంది. అబ్బ, ఎంత బరువు! నూట యాభై ఏళ్ళుగా మునిగి మునిగి, మునిగినప్పుడల్లా ఇంకాస్త బరువెక్కింది కాబోలు. పద్మజ మోకాళ్ళ దాకా ఆ నీళ్ళలోకి జారింది. చలి నడుం దాకా పాకింది. పళ్ళు బిగించి, నోటికొచ్చిన దేవుళ్ళందర్నీ తలుచుకుని ఒక్క గుంజు గుంజింది.

పిల్ల స్టేజీ మీద పడింది. ఆ వెనకే గీతాంజలి పెద్దగా ఊపిరి పీల్చి, ఏడ్చింది.

భోజనాల దగ్గర విశాల్ ఎవరికైనా ఒకటే రూలన్నట్టు, భోజనానికి డబ్బు కట్టినవాళ్ళ చేతికి చుట్టే రిస్ట్‌బ్యాండ్ ఏదని ఆ పిల్లని అడిగాడు. పద్మజ తన చేతిది ఊడదీసి ఆ పిల్ల చేతికి చుట్టింది. ఆ పిల్ల ఆబగా తింది, రెండుసార్లు వడ్డించుకుంది. పక్కన గీతాంజలి దుప్పటి కప్పుకుని పెరుగన్నం తింటోంది. ప్లేటు ఖాళీ అయ్యాక ఆ పిల్ల మొదటిసారి నోరు విప్పింది. రిహార్సళ్ళలో విన్న తెలుగే, గోదావరి యాసతో సహా.

"దీని తర్వాత ఏముందండీ? నేనెక్కడా ఇంతదాకా రాలేదు."

పద్మజ ఆ పిల్ల తడి జుట్టు వెనక్కి సవరించింది.

"రేపు ఆదివారం తల్లీ," అంది. "పొద్దెక్కేదాకా పడుకో."