తాతయ్య పడవ, బాబాయ్ షెడ్డు

ఆ ఫోటో కోసం అటక ఎక్కింది నేనే. మా కుటుంబం ఎన్నాళ్ల నుంచి సరస్సు గట్టున ఉంటోందో చూపించే పాతది ఏదైనా వెతకమన్నాడు లాయరు. తుమ్మి తుమ్మి చివరికి దొరకబుచ్చుకున్నాను. పడవ నిండా జనం, బస్తాలు. ఒక చేత్తో గడ, ఇంకో చేత్తో మీసం పట్టుకుని తాతయ్య. వెనకాల ఆయన చేతిరాతతో తేదీ. బాబాయ్ దాన్ని వెనక తేదీ కూడా కనిపించేలా పటం కట్టించి, విచారణ రోజు దాకా లాయరుకి కూడా చూపించనన్నాడు. ఆయన సంబరాలన్నీ అలాగే ఉంటాయి.

సరస్సు తగ్గాక బయటపడ్డ నేలలో బాబాయ్ పడవలు బాగుచేసే షెడ్డు వేసుకున్నాడు. ముప్పయ్యేళ్లుగా ఆయన కూడు అదే. ఆ నేల ప్రభుత్వానిదా, గట్టు సొంతదారైన బాబాయ్‌దా అన్నదే తగువు.

భూముల ఆఫీసులో అధికారిణి పటాన్ని కిటికీ వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది ఈ సరస్సేనా?"

"మరి! రోజూ నలభై మందిని దాటించేవాడండీ మా నాన్న. సరుకులు వేరే!" అన్నాడు బాబాయ్, ఉబ్బితబ్బిబ్బయి.

మా లాయరు ముఖంలో నెత్తుటి చుక్క లేదు.

"సరస్సుల చట్టం వచ్చేనాటికి పడవలు తిరిగిన నీళ్లయితే అడుగు నేల ప్రభుత్వానిదండీ. తిరగకపోతే గట్టువాళ్లది," అందామె. "ఇది చట్టానికి రెండేళ్ల ముందు తేదీ. ఆర్నెల్లుగా ఇలాంటి ఆధారం కోసమే వెతుకుతున్నాం."

పాపిష్టిదాన్ని, నా చేతులతో నేనే తెచ్చిచ్చాను.

ఆమె కలం కింద పెట్టింది. "ఇది ఈ సరస్సేనా అన్న అనుమానం ఉంటే ఇప్పుడే చెప్పండి. రాసుకోను."

"వేరే సరస్సని చెప్పెయ్ బాబాయ్," అని చెవిలో గొణిగాను. లాయరు బల్ల కింద ఆయన కాలు తొక్కాడు.

బాబాయ్ నన్ను ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "షెడ్డు కోసం మా నాన్న పడవని కాదనమంటావా?" అని, ఆమె వైపు తిరిగి, "రాసుకోండమ్మా. ఈ సరస్సే," అన్నాడు.

సంతకాలు అయిపోయాయి. బాబాయ్ లేచి పటం కోసం చెయ్యి చాచాడు. ఆమె ఫోటోని పటంలోంచి తీసి ఫైల్లో పెట్టి, ఖాళీ పటం ఆయన చేతికిచ్చింది.

"ఫోటో ఇక సాక్ష్యమండీ. తిరిగివ్వడం కుదరదు."

అంతసేపూ తొణకని మనిషి అప్పుడు కుర్చీలో కూలబడ్డాడు.

"ఇంకోటి లేదమ్మా," అన్నాడు. "మా నాన్నది ఇదొక్కటే."