నారింజ రింగు

బల్ల మీద రెండు పిస్తోళ్లు పక్కపక్కనే ఉన్నాయి. రెండూ ఒకే రకం. గురి చూసే సైట్లు మాత్రమే వేరు.

చంద్రకళ బ్యాంకులకూ మాల్స్‌కూ నగదు చేరవేసే వ్యాన్ కంపెనీలో గార్డు. సిబ్బంది నడుముకు కట్టుకునే పిస్తోళ్ల మీద చీకట్లో మెరిసే పాత నైట్ సైట్లు పన్నెండేళ్లకు వెలుగు చచ్చి గుడ్డివైపోయాయి. కొత్తవి ఏవి కొనాలో చూసి, కారణాలతో ఒక పేజీ రాసివ్వమని డిపో మేనేజర్ ఆమెకు చెప్పాడు. ఈ ఏడాది కాల్పుల పరీక్షలో అందరికన్నా మంచి స్కోరు ఆమెదే. అందుకే ఈ ఉదయం కెనడాలోని మిల్టన్ ఊరి శివార్లలో ఉన్న ఈ షూటింగ్ రేంజ్‌కు వచ్చింది.

ఆమె లైటు ఆర్పి ఒక్కొక్కటే ఎత్తి చూసింది. చీకట్లో రెండింటికీ తేడా లేదు. వెనక రెండు, ముందు ఒకటి, మూడు పచ్చటి చుక్కలు. లైటు వేస్తే తేడా బయటపడుతుంది. ముందు చుక్క చుట్టూ ఒకదానికి నారింజ రంగు రింగు, రెండోదానికి తెల్ల రింగు. నిన్న పరీక్షించిన నలుగురూ నారింజకే ఓటేశారు. నలభై మూడేళ్ల చంద్రకళ కళ్లకు కూడా అదే ఇట్టే దొరుకుతోంది.

నారింజ అని రాసేస్తే పని అయిపోతుంది. తోటి గార్డు మధుసూదన్ పని కూడా.

ఆ సంగతి తెలిసింది ఆమె ఒక్కదానికే. నాలుగేళ్ల కిందట, వ్యాన్‌లో కూర్చుని భోంచేస్తున్నప్పుడు, అతను ఆమె డబ్బాలోంచి గోంగూర అనుకుని పండుమిరప పచ్చడి ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. కళ్లనీళ్లు కారుతుంటే ఆమె పడీపడీ నవ్వింది. నీళ్లు తాగి తేరుకున్నాక అతను మెల్లగా చెప్పాడు. ఎరుపు తనకు కనబడదు, బురదలా ఉంటుంది. మెడికల్ ఫారంలో ఆ సంగతి రాయలేదు. "ఎవలకీ చెప్పకు చెల్లె." ఆమె చెప్పలేదు. అప్పట్లో అతన్ని అన్నా అని పిలిచేది.

తర్వాత ఏజాక్స్ ఊళ్లో ఒక మాల్ తలుపు దగ్గర ఎవడో ఆమె చేతిలోని నగదు సంచి మీదికి దూకాడు. వెనక కాపలా నిలబడాల్సిన మధుసూదన్ అక్కడ లేడు, కాఫీకి వెళ్లాడు. ఆమె ఒక్కతే వాణ్ణి తోసి, పిస్తోలు మీద చెయ్యి వేసి నిలబడింది. వాడు పారిపోయాడు. మధుసూదన్ రిపోర్టులో మాత్రం ఇంకో కథ ఉంది: తాను అక్కడే ఉన్నాడు, ఒత్తిడిలో ఆమె చేతులు వణుకుతాయి. ఆ ఒక్క వాక్యానికి ఆమె పద్నాలుగు నెలలు నగదు దాచే కిటికీ లేని వాల్ట్ గదిలో కూర్చుంది.

గది కాదు ఆమె క్షమించలేనిది. ఆ వాక్యం ఆమె ఒంట్లోకి దిగింది. టీలో చక్కెర వేస్తూ చెంచా వంక చూసుకునేది. తాళం వేస్తూ వేళ్ల వంక చూసుకునేది. చూసినకొద్దీ చేతులు నిజంగానే వణికేవి. ఒక మనిషి రాసిన అబద్ధాన్ని తన శరీరం నిజం చేసి పెడుతోందని అర్థమైన రోజున ఆమెకు అతని మీద కోపం పోయింది. దాని చోట చల్లగా, ఓపికగా ఇంకేదో వచ్చి కూర్చుంది.

ఇప్పుడు నారింజ అని రాస్తే అతను వచ్చే నెల కొత్త సైట్లతో పెట్టే పరీక్షలో ముందు సైటు దొరక్క తప్పుతాడు. కానీ అందరూ ఏమనుకుంటారు? పాపం, వయసు మీద పడింది అనుకుంటారు. ఆ పాపం అనే మాట అతనికి దక్కడం ఆమెకు ఇష్టం లేదు. పైగా వచ్చే సోమవారం నుంచి మళ్లీ ఆమె వెనక కాపలా నిలబడేది అతనే.

తలుపు తోసుకుని మధుసూదన్ వచ్చాడు. ఈ రోజు పరీక్షించాల్సింది అతనొక్కడే. నారింజ రింగు పిస్తోలుతో పది తూటాలు కాల్చాడు. కాగితం మీద రంధ్రాలు చల్లినట్టు పడ్డాయి. తెల్లదానితో కాలిస్తే పదీ గుప్పెడంత చోటులోనే పడ్డాయి. కాగితాలు రెండూ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లె, తెల్లదే రాయి."

"కారణం రాయాలి మధుసూదన్ గారూ. కాలమ్ ఉంది."

"ఏదో ఒకటి రాసెయ్."

"ఏదో ఒకటి రాయడం నాకు రాదండీ. అది మీకొచ్చు."

అతను గోడ వంక చూశాడు. "సరే తియ్. ఆరెంజే పెట్టు. నేనెట్లనో మేనేజ్ చేస్త."

"సోమవారం నా వీపు వెనక మేనేజ్ చేస్తారా? ఏజాక్స్‌లో చేసినట్టా?"

"నేను నిన్ను నమ్మి చెప్పిన."

"అవును. అందుకేగా నాకు తెలిసింది."

ఆమె పెన్ను తీసింది. అతను కాగితం వంక చూడలేదు, ఆమె చేతి వంక చూశాడు. అది చూసి ఆమె ఇంకా నెమ్మదిగా, అక్షరం అక్షరం విడదీసి రాసింది. తెల్ల రింగు సిఫారసు చేస్తున్నాను. కారణం: సిబ్బందిలో మధుసూదన్‌కు ఎరుపు, నారింజ రంగులు కనబడవు. అతని రిపోర్టులో వాక్యం ఎంత పొడవుందో ఇదీ ఇంచుమించు అంతే ఉంది. తేడా ఒక్కటే, ఇది నిజం.

"చదువుకుంటారా?" అని కాగితం అతని వైపు తిప్పింది.

అతను చదవకుండానే వెళ్లిపోయాడు.

సోమవారానికి అందరి పిస్తోళ్లకూ తెల్ల రింగు సైట్లు వచ్చాయి. మెడికల్ పరీక్ష తేలేదాకా మధుసూదన్‌ను వాల్ట్ గదిలో వేశారు, ఆమె కూర్చున్న కుర్చీలోనే. డిపోలోంచి వెళ్తూ ఆమె ఆ గది తలుపుకున్న చిన్న అద్దంలోంచి చూసింది. అతను కళ్లు నులుముకుంటున్నాడు. ఆమెకు హాయిగా అనిపించింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా అనిపించింది.

వ్యాన్ ఎక్కే ముందు కొత్త సైట్లు సరిచూసుకునే స్టాండు దగ్గర నిలబడి, పొరపాటున పేలినా తూటా ఆగేలా పెట్టిన ఇసుక డబ్బా వైపు పిస్తోలు ఎత్తింది. వెనక రెండు చుక్కల మధ్య ముందు చుక్క సరిగ్గా నిలిచింది. కదల్లేదు.

ఆమె దించలేదు. ఆ చుక్క ఎప్పుడు వణుకుతుందా అని చూస్తూ ఉండిపోయింది.